వన్ బై టూ చాయ్

స్కాట్లండ్‌ రాజధాని ఎడిన్‌బరోల ఉండే దోస్తు సెలవులకొచ్చిండు. నిన్న నాంపల్లిల ఇరానీ చాయ్ తాగుకుంట కూసున్నం. వానిది గుంటూరు, నాది నల్లగొండ. 2014 జూన్‌ల తెలంగాణ వచ్చిన రాత్రి నేను పటాకులు కాలుస్తుంటే వాడు ఫోన్ ఎత్తలే. అదే ఏడు సెప్టెంబర్‌ల వాడే స్కాట్లండ్ బ్రిటన్ నుంచి విడిపోవాల్నా వద్దా అనే రెఫరెండంల ఓటేసిండు. కామన్‌వెల్త్ పౌరులకు ఆడ ఓటుంటది మరి!

"విడిపోవద్దనే వేశాన్రా. బ్రిటన్‌లో ఉంటేనే యూరప్‌లో ఉంటామన్నారు" అన్నడు. 55 శాతం మంది వద్దనే అన్నరు. రెండేండ్లకే బ్రిటన్ యూరప్ యూనియన్ల ఉండాల్నా వద్దా అనే బ్రెగ్జిట్ ఓటు. స్కాట్లండ్ల 62 శాతం యూరప్‌లనే ఉంటమన్నరు, అయినా 2020ల అందరితోని పాటు బయటికే. చెప్పుకుంట చెప్పుకుంట ఉస్మానియా బిస్కెట్ చాయ్‌ల ముంచి మర్చిపోయిండు, సగం విరిగి అడుక్కు పోయింది.

నేను సింగపూర్ ముచ్చట తీసిన. 1965ల మలేషియా నుంచి విడిపోయినప్పుడు ఆడి ప్రధాని లీ క్వాన్ యూ టీవీల ఏడ్చిండు. ఇయ్యాల ఎట్లుందో చూడు అన్న.

"నీళ్లలో చాలా భాగం ఇప్పటికీ మలేషియాలోని జొహోర్ నుంచేగా తెచ్చుకునేది?" అన్నడు వాడు.

నిజమే. జెండాలు రెండైనా పైపు తెగలే. అయినా నాకైతే చిన్నగున్నా సరే, మన ఫైసలా మన చేతుల్నే ఉండాలె. వాడు ఒప్పుకోలే. బిల్లు మాత్రం వాడే కట్టిండు, పౌండ్లు కదా.