వెతకని చోటు ఇంకా ఉంది

వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు ధైర్యం చెప్పాలంటే మనవాళ్లు జాంబవంతుణ్ణి తలుచుకుంటారు. ఆయన బలం గుర్తు చేయగానే హనుమంతుడు సముద్రం దాటేశాడు కదా అంటారు. నిజమే. కానీ లంకలో సీతమ్మను వెతికిన ఆ రాత్రి జాంబవంతుడు పక్కన లేడు. షాపు ప్రారంభోత్సవానికి వచ్చి భుజం తట్టి వెళ్లినవాళ్లు, బోణీ కాని రోజున మన పక్కన ఉండరు. సుందరకాండలో వ్యాపారస్తులకు ఎక్కువ పనికొచ్చేది ఆ రాత్రే అని నా నమ్మకం.

12వ సర్గ (అధ్యాయం). హనుమంతుడు రావణుడి అంతఃపురమంతా చూశాడు, సీతమ్మ కనబడలేదు. పడ్డ శ్రమంతా వృథా అయిందే అనుకున్నాడు. వెంటనే వచ్చిన ఆలోచన చూడండి: తిరిగి వెళ్తే వానరులందరూ చుట్టూ చేరి "వీరుడా, అక్కడికెళ్లి ఏం చేశావో చెప్పు" అంటే ఏం చెప్పను? ముసలి జాంబవంతుడేమంటాడు, అంగదుడేమంటాడు? అప్పు తెచ్చి వ్యాపారం పెట్టినవాళ్లను నిద్రపోనివ్వనిది కూడా ఇదే. డబ్బు పోతుందన్న భయం కన్నా, బంధువుల పెళ్లిలో "ఎలా నడుస్తోందమ్మా?" అంటే ఏం చెప్పాలన్న టెన్షనే ఎక్కువ. అంతటి బలవంతుడికీ ఆ బెంగ తప్పలేదని వాల్మీకి దాచకుండా రాశాడు.

ఆ బెంగలోంచే ఈ శ్లోకం వచ్చింది:

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః

నిరుత్సాహపడకపోవడమే సంపదకు మూలం, గొప్ప సుఖమూ అదే, మనిషిని అన్ని పనుల్లోనూ ఎప్పుడూ ముందుకు నడిపేదీ అదే. ఇది ఎవరో ఆయనకు చెప్పింది కాదు, తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకుని, ఇంతవరకు వెతకని చోట్లు వెతుకుతానని లేచాడు. తలుపులు తీశాడు, మూశాడు, ఎక్కాడు, దిగాడు. నాలుగు వేళ్ల మేర చోటు కూడా వదల్లేదంటాడు వాల్మీకి.

పచ్చళ్ల వ్యాపారం పెట్టిన ఆడవాళ్ల సంగతే తీసుకోండి. కిరాణా కొట్టువాళ్లు "అమ్ముడైతే డబ్బులిస్తాం, పెట్టి వెళ్లండి" అంటారు. నెల తర్వాత వెళ్తే సీసాలు వెనక అరలో, మూత చుట్టూ నూనె కారి, దుమ్ము పట్టి ఉంటాయి. నా చేతిలోనే రుచి లేదేమో అనిపిస్తుంది. రుచి సరిచూసుకోవాల్సిందే. కానీ కర్రీ పాయింట్లు, హాస్టల్ మెస్‌లు, పెళ్లి వంటలవాళ్లు, ఇలా అడగని గుమ్మాలు ఎన్నో ఉన్నాయి. అంతఃపురంలో సీతమ్మ కనబడకపోవడం హనుమంతుడి లోపం కాదు. ఆమె అక్కడ లేదు, అంతే.

శ్లోకం దగ్గరే చాలామంది ఆగిపోతారు. 13వ సర్గ కూడా చదవాలి. అంత వెతికినా ఫలితం లేక ఆయన మళ్లీ కుంగిపోయాడు, ఈసారి ఇంకా ఎక్కువగా. నేను వట్టి చేతులతో వెళ్తే రాముడు బతకడు, ఆ తర్వాత లక్ష్మణుడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు అంటూ ఒకరి తర్వాత ఒకరి చావునూ ఊహించుకున్నాడు. తానూ ప్రాణం తీసుకుందామనుకున్నాడు. చివరికి, చనిపోతే ఎన్నో దోషాలు, బతికుంటే మేలు కలుగుతుంది అని నిలదొక్కుకున్నాడు. అప్పుడు కంటపడింది అశోకవనం, తాను ఇంకా వెతకని తోట. రామలక్ష్మణులకు, సీతమ్మకు, రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, వాయువుకు, సూర్యచంద్రులకు, మరుత్తులకు నమస్కరించి అటు కదిలాడు.

అప్పుల ఒత్తిడిలో నలిగిపోతున్నవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, దయచేసి వాళ్ల దగ్గర కూర్చుని ఈ రెండు సర్గలూ అర్థంతో సహా చదివి వినిపించండి.