రాళ్ళు చూడ్డానికి వీసా

మొన్న ఆదివారమే తిరిగొచ్చాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. మా ఆవిడ తడిసిన బూట్లు డాబా మీద ఎండబెట్టింది. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది గుంటూరు. పాతికేళ్ళుగా మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. ఊళ్ళో నాలుగెకరాల మిర్చి చేను ఉంది. సీజన్‌లో ఘాటు మా ముక్కుల్లోనే కాపురం ఉంటుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసినా తుమ్ములే. మా కొట్లో ఎవరో పురుగుమందులవాళ్ళు ఇచ్చిన క్యాలెండరు ఒకటి వేలాడేది. జూన్ పేజీలో పచ్చటి గుట్ట, దాని మీద మేకు దిగ్గొట్టినట్టు నల్లటి రాయి, చుట్టూ మబ్బు. కింద ‘స్కై దీవి, స్కాట్లాండ్’ అని ఉంది. జులై వచ్చినా ఆ పేజీ తిప్పనివ్వలేదు.

అమ్మాయి పెళ్ళయింది, అప్పుల్లేవు, వెళ్దామనుకున్నాం. పాస్‌పోర్టులు విజయవాడలో ఇబ్బంది లేకుండా వచ్చేశాయి.

ఇక ఏజెంటు. అతని దగ్గరికి వెళ్ళడమే నేను చేసిన తప్పు.

“అక్కడ మీవాళ్ళెవరున్నారు బాబాయ్‌గారూ?”

“ఎవరూ లేరు.”

“మరి ఏముందని?”

“రాళ్ళు, గాలి, వాన.”

పక్క టేబులు అమ్మాయి వంక చూసి నవ్వాడు. స్కై అని రాస్తే అనుమానపడతారట, లండన్ ఒక్కటే రాద్దామన్నాడు. హోటల్ బుకింగు కూడా తనే చూపిస్తానన్నాడు. బ్యాంకులో బ్యాలెన్సు బాగా కనపడాలన్నాడు. సరేనని కోల్డ్ స్టోరేజీలో ఉన్న 80 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తీయించి అమ్మేశాను. నాలుగున్నర లక్షలు ఒకేసారి ఖాతాలో వేశాను. పదకొండో రోజున హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలు ఇచ్చొచ్చాం.

కవరు కొట్టుకే వచ్చింది. కాటా దగ్గర హమాలీలు, ఇద్దరు రైతులు, మా యజమాని, అందరి ముందూ చించాను. పాస్‌పోర్టులతో పాటు ఇంగ్లీషు లెటర్లు. ఫోటో తీసి అమ్మాయికి పంపి, స్పీకరులో పెట్టి చదవమన్నాను. బుద్ధి ఉన్నవాడైతే లోపలికెళ్ళి వినేవాడు. ఖాతాలో ఒకేసారి పడ్డ డబ్బు ఎక్కడిదో చెప్పలేదట. నా జీతానికి ఈ ప్రయాణం పొంతన కుదరలేదట. మేం నిజంగా చూడ్డానికే వస్తున్నామనీ, చూసి తిరిగి వెళ్ళిపోతామనీ నమ్మకం కలగలేదట. అమ్మాయి గొంతు తగ్గించి చదువుతోంది, స్పీకరు తగ్గదుగా. ఒక హమాలీ “అంటే మిమ్మల్ని దొంగ అన్నారా గుమాస్తాగారూ?” అన్నాడు. పాపం అతను ఎగతాళికి అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

కోపమంతా ఆ దొరల మీద కాదు. నా డబ్బు నాదే, నా చేను నాదే, నా కోరిక నిజమే. అన్నీ నిజాలు పెట్టుకుని, ఒకడి మాట విని అబద్ధంలా కనపడేట్టు నేనే చేసుకున్నాను. ఏజెంటుకి ఫోన్ చేస్తే “మీ టైమ్ బాగాలేదు” అన్నాడు. ఫీజు గురించి అడిగితే కట్ చేశాడు.

విజిటర్ వీసాకి అప్పీలు ఉండదు, మళ్ళీ ఫీజు కట్టి కొత్తగా పెట్టుకోవాల్సిందే. ఈసారి అమ్మాయీ నేనే కూర్చున్నాం. మూడేళ్ళ తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మినప్పుడు కొట్టువాళ్ళిచ్చే లెక్క చీటీలు, ట్రంకుపెట్టెలోంచి తీశాను. కొన్నింటికి మిర్చి మరకలు, వాటిని స్కాన్ చేస్తుంటే అమ్మాయి తుమ్మింది. కోల్డ్ స్టోరేజీ బాండ్లు, పాసుపుస్తకం, యజమాని ఇచ్చిన సెలవు కాగితం, డబ్బు పడ్డ ప్రతి తేదీకీ ఏ తక్‌పట్టీయో నంబరు వేసి ఒక పట్టిక. బ్యాంకులో స్టేట్‌మెంటు మీద స్టాంపు వేస్తూ ఆ ఉద్యోగి “ఇంత ఖర్చుపెట్టి రాళ్ళకోసమా? కోటప్పకొండ ఎక్కండి” అన్నాడు. కోటప్పకొండ మీద నాకు భక్తి ఉంది, కానీ అడిగింది స్టాంపు, సలహా కాదు.

లెటర్‌లో ఉన్నదున్నట్టు రాయించాను. పాతికేళ్ళుగా మిర్చి ఘాటు పీలుస్తున్నాను, మేలో మా ఊళ్ళో ఎండ నలభై దాటుతుంది, పోర్ట్రీ అనే ఊళ్ళో అయిదు రాత్రులు ఉండి, ఫలానా రాయి చూసి, మిర్చి నారు పోసే వేళకి వచ్చేస్తాం అని. మూడు వారాల్లోపే వీసా వచ్చింది. ఈసారి కవరు ఇంట్లో తెరిచాను.

లండన్ నుంచి స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌కి విమానం, అక్కడ కారు అద్దెకి. మన లైసెన్సుతో అక్కడ ఏడాది దాకా నడపచ్చు, పైగా ఎడమ పక్కే. దీవిలో చాలాచోట్ల ఒక్క బండి పట్టే రోడ్లు, మధ్య మధ్య తప్పుకోవడానికి జాగా. డొంకదారిలో ట్రాక్టరు తోలినవాడికి అదో లెక్కా? ఎదురొచ్చిన ప్రతివాడూ చెయ్యెత్తి వెళ్ళాడు. దీవికి వెళ్ళే వంతెన 1995లో తెరిచారట. టోలు కట్టం అని జనం కేసులు పెట్టించుకుని మరీ పోట్లాడితే 2004 డిసెంబరులో ఎత్తేశారు. కాజ టోల్‌గేటు దగ్గర గొణుక్కోవడమే మనకి తెలుసు.

మొదటిరోజు రాయి దగ్గరికి ఎక్కితే మబ్బు తప్ప ఏమీ లేదు. గాలికి గొడుగు ఒక్క క్షణంలో పువ్వులా విచ్చుకుంది. అందుకే చెప్తున్నా, గొడుగు వద్దు, రెయిన్‌కోటు కొనుక్కోండి. గాలి ఆగితే మిడ్జ్‌లని చెవుల్లో దూరే నుసిపురుగులు. మూడోరోజు రాత్రి తొమ్మిదింటికి, ఇంకా పగలే, మళ్ళీ ఎక్కాం. మబ్బు పక్కకి జరిగింది. యాభై మీటర్ల రాయి, దాన్ని ‘ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్’ అంటారు. క్యాలెండరులోకంటే నలుపు, తడికి మెరుస్తోంది. మా ఆవిడ చీర మీద స్వెట్టరు, దాని మీద రెయిన్‌కోటు, గొర్రెల మధ్య నిలబడి “ఏవండీ, మూడు రోజులైంది, మీరు ఒక్కసారి తుమ్మలేదు” అంది.

నిజమే. నేను గమనించుకోలేదు.

మా వియ్యంకుడు వచ్చే ఏడాది తనూ వెళ్తాడట. నిన్న ఫోన్ చేసి ఏజెంటు నంబరు అడిగాడు. ఇవ్వలేదు.