మొదటి సోలో షో దాకా: నా అనుభవం

నిన్ననే నా మొదటి సోలో షో, అంటే నా ఒక్కదాని బొమ్మలతోనే పెట్టిన ప్రదర్శన, ముగిసింది. మిగిలిన కాన్వాసులు ఇంటికొచ్చేశాయి. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నేను అబ్‌స్ట్రాక్ట్ వేస్తాను, అంటే మనుషులో చెట్లో కనిపించని, రంగులూ పొరలతోనే ఉండే బొమ్మలు. మా ఊళ్లో పండగ పండగకీ గోడలకు సున్నం వేసేవారు. అందులో కాస్త నీలిమందు కలిపేవారు, కింద జేగురు పట్టీ తీర్చేవారు. ఏళ్లు గడిచి పెచ్చులు లేస్తే పాత రంగులన్నీ ఒకదాని కింద ఒకటి బయటపడేవి. నా పని మొత్తం అదే. కాన్వాసుకు రంగు పట్టేలా అడుగుపూత జెస్సో పూసి, పొర మీద పొర ఆక్రిలిక్ వేసి, ఆరాక పాలెట్ నైఫ్‌తో, గరుకు కాగితంతో గీకుతాను. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. రోలర్‌తో, నైఫ్‌తో రంగు పరిచి, మళ్లీ తీసేసి వెలుగు రప్పించిన అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు వి.ఎస్. గైతొండే నాకు గురువు లాంటివాడు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

ఫొటోలు తీయించడం, పోర్ట్‌ఫోలియో చేయడం తేలిగ్గానే అయ్యాయి. అసలు కష్టం గ్యాలరీ దగ్గర మొదలైంది.

హైదరాబాద్‌లో పేరున్న గ్యాలరీ ఒకటి కాన్వాసులు తెచ్చి చూపించమంది. ఆటోలో పట్టక ట్రాలీ మాట్లాడుకుని తీసుకెళ్లాను. వాటిని నడవాలో గోడకు ఆనించమన్నారు. ఓనర్ ఫోన్ మాట్లాడుతూనే వాటి ముందు నుంచి నడిచి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి, "ఇవి ఎవరు కొంటారమ్మా? బతుకమ్మ ఎత్తుకున్న ఆడవాళ్లనో, బుద్ధుణ్ణో వేసుకురా" అన్నాడు. అంతలో ఒక ఇంటీరియర్ డిజైనర్ వచ్చింది. సంచిలోంచి సోఫా గుడ్డ ముక్క తీసి, నన్ను అడగకుండానే నా కాన్వాసు మీద పెట్టి చూసింది. "ఈ నీలం తీసేసి బిస్కెట్ కలర్ వేసివ్వగలరా?" అంది. ఇంకో కాన్వాసును తలకిందులు చేసి, "ఇలా అయితే బెడ్‌రూమ్‌కి బాగుంటుంది" అంది. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. నా గొంతు పూడుకుపోయింది. "వెయ్యనండీ" అని మాత్రం అనగలిగాను.

ఆ ఓనరే నాకు కాఫీ ఇప్పించి గైతొండే గురించి గొప్పగా చెప్పాడు. 2015లో ముంబయి వేలంలో ఆయన చిత్రం 29 కోట్లకు పైగా పలికిందట. అది నిజమే. కానీ అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్లు. బతికున్న చిత్రకారుల బొమ్మలను నడవాలో పెట్టించి, పోయినవాళ్ల ధరలు చెప్పుకోవడం నాకు తప్పుగా అనిపిస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ మనకు కొత్తా? గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు 1960ల్లోనే లండన్‌లోని స్లేడ్ ఆర్ట్ స్కూల్‌కు వెళ్లి అదే దారిలో పేరు తెచ్చుకున్నారు. ఆయన పేరెత్తితే అక్కడ ఎవరికీ తెలియలేదు.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, హాలు నేనే అద్దెకు తీసుకుంటానని. హాలు దొరికాక మిగతావన్నీ చకచకా జరిగిపోయాయి.

షోకి వచ్చినవాళ్లలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఒకే బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. అర్థమేమిటని అడగలేదు. "ఈ ఎరుపు కింద ఇంకేదో ఉంది కదమ్మా" అన్నారు. ఉంది, పసుపు. దాన్ని అంతగా చూసినవాళ్లు ఇంకెవరూ లేరు.

కొన్ని అమ్ముడయ్యాయి. హాలు అద్దె, ఫ్రేముల ఖర్చు వచ్చేశాయి. రంగులకు కూడా కాస్త మిగిలింది. ఒక్క నీలమూ మార్చలేదు.

కొత్తగా వేస్తున్నవాళ్లకు చెప్తున్నాను. ప్రతి కాన్వాసు వెనకా పేరు, కొలత, సంవత్సరం రాసి, పైవైపు ఎటో తెలిసేలా బాణం గుర్తు వేయండి. ఆయిల్ వేసేవాళ్లయితే వానాకాలంలో వేసి చలికాలం షోకి అందుతాయనుకోకండి, మందపు పొరలు నెలల తరబడి ఆరవు. గ్యాలరీకి ఇస్తే కమిషన్ ఎంతో, డబ్బు ఎప్పుడిస్తారో, దెబ్బతింటే ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోండి. సగం దాకా కమిషన్ అడిగేవాళ్లున్నారు. కాగితం ఇవ్వమంటే ముఖం మాడ్చుకునేవాళ్ల దగ్గర ఒక్క బొమ్మ కూడా వదలొద్దు.