వేదమే జంకిన చోట మన నోరు ఎలా లేస్తుంది?

కార్తీక సోమవారం శివమహిమ్న స్తోత్రం పట్టుకుని కూర్చునేవాళ్ళు తొందరపడకూడని శ్లోకం ఒకటుంది. అది రెండోది. కల్పవృక్షపు కొమ్మ కలమై, భూమి కాగితమై, సాక్షాత్తూ శారదే ఎల్లకాలం రాసినా నీ గుణాలకు అంతు చిక్కదనే 32వ శ్లోకం అందరి నోటా ఉంటుంది. ఈ రెండోది మాత్రం చాలామంది పెదవి దాటి లోపలికి పోదు.

అతీతః పంథానం తవ చ మహిమా వాఙ్మనసయోః
అతద్వ్యావృత్త్యా యం చకితమభిధత్తే శ్రుతిరపి ।
స కస్య స్తోతవ్యః కతివిధగుణః కస్య విషయః
పదే త్వర్వాచీనే పతతి న మనః కస్య న వచః ॥

నీ మహిమ మాటా మనసూ నడిచే దారిని దాటిపోయింది. వేదం సైతం ‘ఇది కాదు, ఇది కాదు’ అని ఒక్కొక్కటే పక్కకు పెడుతూ, బెదురుతూనే నిన్ను చెబుతోంది. అలాంటి నిన్ను పొగడగలవాడెవడు? నీ గుణాలు ఎన్నని చెప్పాలి? ఎవరికి అందుతావు? కానీ మాకోసం ఇటువైపు దిగివచ్చిన నీ రూపం మీద ఎవరి మనసు వాలదు, ఎవరి మాట వాలదు?

బృహదారణ్యకంలోని ‘నేతి నేతి’, తైత్తిరీయంలోని ‘యతో వాచో నివర్తంతే’ రెండూ మొదటి రెండు పాదాల్లోకి ఇమిడిపోయాయి. చిక్కంతా మూడో పాదం దగ్గర ఆగిపోతేనే. “మాటకే అందనివాడికి ఈ పూజలెందుకు, స్తోత్రాలెందుకు?” అని వాదించేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. నాలుగో పాదం దానికి జవాబు. అందనివాడే అందేలా వచ్చాడు. మొదటి శ్లోకం కూడా ఇదే ధైర్యమిచ్చింది: నీ అంతు తెలియనివాడి స్తుతి తగనిదైతే బ్రహ్మాదుల మాటా తగనిదే, ఎవరి బుద్ధి మేరకు వాళ్ళు పలకవచ్చునంటే నా ప్రయత్నానికీ తప్పులేదు.

అందనివాడు ఏ రూపంలోనైనా అందేలా వస్తాడన్న ఈ సంగతి మన నెల్లూరు సీమకు కొత్త కాదు. పెన్న ఒడ్డున తిక్కన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు, శివుడూ విష్ణువూ ఒక్కటైన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. శంభుదాసుడని పేరుపొందిన ఎర్రన నృసింహపురాణం రాశాడు. మహిమ్న స్తోత్రానికి మధుసూదన సరస్వతి రాసిన వ్యాఖ్యానం శ్లోకాలను శివపరంగానూ విష్ణుపరంగానూ అన్వయిస్తుంది. రంగనాథుడి గుడికి వెళ్ళి వచ్చి మూలస్థానేశ్వరుడి ముందు నిలబడే మనవాళ్ళకు దాన్ని విడమరిచి చెప్పక్కరలేదు. మాలకొండ నరసింహస్వామి శనివారం ఒక్కరోజే మనుషులకు దర్శనమిస్తాడు, మిగతా రోజులు దేవతలవీ ఋషులవీ అని నమ్మకం. కాలానికి కట్టుబడనివాడు మన కోసం ఒక వారానికి కట్టుబడ్డాడు. నాలుగో పాదానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడదు.

ఇక చదివే తీరు. ఇది శిఖరిణీ వృత్తం. పాదానికి 17 అక్షరాలు, ఆరో అక్షరం తర్వాత విరామం. ఆ ఆరులో మొదటిది లఘువు, తక్కినవన్నీ గురువులు. ఆ వెంటనే ఐదు లఘువులు వరసగా వస్తాయి. కాబట్టి “అతీతః పంథానం” దగ్గర ఆగి “తవ చ మహిమా” ఎత్తుకోవాలి. “పంథానం తవ” అని కలిపేసి ఊపిరి తీస్తే “చ” అనాథగా మిగిలి నడక కుంటుపడుతుంది. రెండో పాదంలో “యం” దగ్గర, మూడోదాంట్లో “స్తోతవ్యః” దగ్గర, నాలుగోదాంట్లో “అర్వాచీనే” దగ్గర ఆగాలి. “త్వర్వాచీనే”ని “త్వార్వాచీనే” అని సాగదీయకండి. అది తు, అర్వాచీనే. ఆరో అక్షరం పట్టుబడితే 29వ శ్లోకం దాకా ఇదే నడక. ఆ తర్వాత వృత్తం మారుతుంది. 32వది మాలిని, ఎనిమిదో అక్షరం దగ్గర విరామం. పాత ఊపులోనే చదివితే అక్కడ తడబడతారు.

అచ్చు పుస్తకాల్లో మామూలుగా 43 శ్లోకాలుంటాయి. నర్మద ఒడ్డున మాంధాతలోని అమరేశ్వరాలయంలో 1063 నాటి శాసనంలో ఉన్నవి మొదటి 31. సమయం చాలనివాళ్ళు ఆ 31 చదివినా లోటేమీ లేదు.

చదువుతూ అభిషేకం చేయాలంటే చెంబుతో ధార కట్టవద్దు, పదో శ్లోకానికే నీళ్ళైపోతాయి. శ్లోకానికొక ఉద్ధరిణి చొప్పున పోస్తే పావు లీటరు నీళ్ళు 43కీ సరిపోతాయి. పాలూ పెరుగూ రాగి గిన్నెలో పెట్టకండి, విరిగి చిలుమెక్కుతాయి. వెండిదో గాజుదో వాడండి. మారేడు దళాలు సోమవారం కోయకూడదంటారు, ఆదివారమే తెచ్చుకోండి. చాలకపోతే పూజ చేసినవే కడిగి మళ్ళీ వాడవచ్చు. దళాన్ని నునుపు వైపు లింగానికి తగిలేలా బోర్లించి ఉంచాలి.

మర్నాడు తీసిన నిర్మాల్యం ఎవరి కాలికిందా పడకూడదు. ఈ స్తోత్రం చెప్పిన గంధర్వుడు పుష్పదంతుడు శివనిర్మాల్యం తొక్కడం వల్లే తన శక్తి పోగొట్టుకున్నాడని కథ. కవరులో కట్టి పెన్నలో విసరడం కంటే, దారం, ప్లాస్టిక్ తీసేసి, మనుషులు నడవని చోట చెట్టు మొదట్లో వేసి మట్టి కప్పండి.