నీళ్లు అంటేనే నీళ్లట

పన్నెండు కావస్తోంది. పిన్ని మీద కోపం ఇంకా దిగలేదు.

మధ్యాహ్నం ఇంకా మాటలు సరిగ్గా రాని మా బుడ్డోడు ఫిల్టర్ దగ్గర నిలబడి బొటనవేలు నోటివైపు వంచి చూపించాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సైగే. పిన్ని నిండు గ్లాసు పట్టుకుని, "నీళ్లు అను. అంటేనే ఇస్త" అంది. వాడు తల వెనక్కి వాల్చి, గుటక వేసి మరీ చూపించాడు. "ఊహూ, నోటితోని." వాడు ఆమెను ఎగాదిగా చూసి, పోయి వాష్‌బేసిన్ కుళాయి కింద దోసిలి పట్టి తాగొచ్చాడు. చొక్కా అంతా తడి. ఈమెకు నవ్వు!

పైగా, "సైగలు అలవాటైతే మాటలెందుకొస్తయే? వస సరిగ్గ పోయలేదు మీరు" అని నన్నే అంది.

వినికిడి పరీక్ష అయిన రోజే హనుమకొండలో మాటలు నేర్పే థెరపిస్టు మేడం చెప్పింది, సైగ మాటకు అడ్డం కాదని, అసలు సైగలే చేయని పిల్లల గురించి ఎక్కువ ఆలోచించాలని. పిన్నికి ఎవరు చెప్పాలి?

చిన్నప్పుడు బాపు వెంట పశువుల సంతకు పోయేదాన్ని. ఎద్దు పలుపు నా చేతిలో, పల్లీలు ఒళ్లో. బాపు, దళారి చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకునేవాళ్లు. లోపల వేళ్ల మీదే బేరం. దళారి ఒక వేలు నొక్కితే బాపు చెయ్యి గుంజుకునేవాడు, అతను మళ్లీ పట్టుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలిసేది కాదు. బాపు మొహం చూసినా నాకూ తెలిసేది కాదు. ఒకసారి ఎర్రెద్దు అమ్ముడుపోయిందని పలుపు నా చేతిలోంచి తీసుకున్నాకే అర్థమై, ఇల్లు చేరేదాకా ఏడ్చాను. పిన్ని అక్కడుంటే "ధర నోటితోని చెప్పు" అనేదేమో.

రాస్తుంటే ఇంకోటి తడుతోంది. మా ఆయన అయితే వాడు కళ్లు తిప్పితే చాలు బిస్కెట్ తెచ్చిస్తాడు. అదీ సరికాదు. మేడం చెప్పింది వాడి మొహం చూస్తూ కాసేపు ఆగమని, ఆ తర్వాత "నీళ్లా? ఇదిగో నీళ్లు" అంటూ ఇయ్యమని. అంటే పిన్ని ఆగడం తప్పు కాదు, ఇయ్యకపోవడమే తప్పు. ఇప్పుడు కోపం సగం ఈయన మీదికి మళ్లింది. గురక పెడుతున్నాడు.

సాయంత్రం వాడు "తాత" అని, బండి ఎక్సలేటర్ తిప్పినట్టు మణికట్టు తిప్పాడు. ఒక మాట, ఒక సైగ, రెండూ కలిపి! ఐవర్సన్, గోల్డిన్-మెడో అనే ఇద్దరు 2005లో 10 మంది పిల్లల మీద చేసిన పరిశోధన గురించి చదివాను. ఇట్లా కలిపిన పిల్లలే ముందుగా రెండు మాటలు జోడించారట. వాళ్లు మామూలుగా మాటలొచ్చే పిల్లలే, మావాడికి అదే లెక్క నడుస్తుందని ఎవరూ రాసివ్వరు. అయినా మేడంకు చెప్పాలి.

పిన్ని ఆదివారం దాకా ఉంటుందట. రేపట్నుంచి వాడి గ్లాసు కింది గూట్లో పెడతా.