ఎంసీబీ ఎంతసేపటికి పడింది?

మా ఇంట్లో ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్చు) పడిందంటే ముందు తిట్లు పడేది దానికే. "ఈ దరిద్రపుది మళ్ళా పడింది" అంటారు, ఎందుకు పడిందని మాత్రం ఒక్కరూ అడగరు. ఈ పొద్దు కూడా అంతే. బోరు మోటారు వేద్దామని పచ్చ బటన్ నొక్కినానా, గుర్ర్ అని ఒక మూలుగు, అమ్మీటరు ముల్లు అటు చివరికి పోయి అక్కడే నిలబడిపోయింది, ఏమైందా అని చూసేలోపల టప్పని ఎంసీబీ కిందికి దిగింది. లేపి ఇంకోసారి నొక్కితే మళ్ళీ అదే మూలుగు, అదే టప్పు. ఇంక వదిలేసినాను. మూలిగే మోటారుకి ఊరికే కరెంటిస్తా ఉంటే వైండింగు, అంటే లోపలి తీగచుట్టు, కాలిపోతుందని నాకు చిన్నప్పట్నించీ తెలుసు, రివైండింగ్ షాపున్న ఇంట్లో పెరిగినదాన్ని కదా.

ట్యాంకులో నీళ్ళు అడుగంటినాయి. మిద్దె మీద పోర్షన్లో ఎస్వీ యూనివర్సిటీలో చదివే పిల్లోళ్ళు ఉన్నారు, వాళ్ళు బకెట్లు పట్టుకుని మెట్ల మీద నిలబడి "ఎంతసేపవుతుందక్కా" అని ఒకటే పాట. మా ఆయన అప్పటికే రేణిగుంటకి డ్యూటీకి వెళ్ళిపోయినాడు. గోడ అవతల నుంచి పక్కింటి పెద్దాయన తొంగి చూసి "పదహారు ఆంప్స్ ఎంసీబీ తీసేసి ముప్ఫైరెండుది పెట్టించుమ్మా, ఇంక పడనే పడదు" అన్నాడు. నిజమే, పడదు. భయం కూడా అదే. గోడలో పోయే వైరు రెండున్నర స్క్వేర్ ఎంఎంది, అది ఇరవై ఆంప్స్ దరిదాపుల్లో మోసే వైరు. ముప్ఫైరెండు పెడితే ఎంసీబీ పడేలోపల వైరు కాగిపోతుంది, పైన ఇన్సులేషను కరిగిపోతుంది, అప్పుడు గోడలో వైరే ఫ్యూజు అవుతుంది. ఆయనతో వాదించేంత ఓపిక పొద్దున్నే ఎక్కడిది, సరేనండి అనేసి మా చిన్నాయనకి ఫోను చేసినాను.

చిన్నాయన చంద్రగిరిలో ఎన్నో ఏళ్ళు మోటారు వైండింగులు చుట్టినాడు, ఇప్పుడు షాపు మూసేసినాడు గానీ చెవి ఇంకా మోటారు దగ్గరే ఉంటుంది. నేను మొత్తం చెప్పబోతే ఆపి ఒక్క మాట అడిగినాడు: "నొక్కిన తక్షణం టప్పనిందా పాపా, రవంత సేపు మూలిగి పడిందా?"

మూలిగి పడింది అన్నా.

"అయితే నేరుగా షార్ట్ కాదులే. ముట్టుకోబాకు, వస్తాండా."

ఎంసీబీలో ఉండేవి రెండు ఏర్పాట్లు. ఒకటి చిన్న కాయిలు, లోపల కరెంటు ఒక్కసారిగా ఎగిరితే అది అయస్కాంతమై లీవరుని లాగి పడేస్తుంది, కన్ను మూసి తెరిచేంత సేపు కూడా పట్టదు. మా ఇంట్లోది సి16, అంటే పదహారుకి అయిదు నుంచి పదింతలు, 80 నుంచి 160 ఆంప్స్ మధ్య ఎక్కడో ఈ కాయిలు పనిచేస్తుంది. బి రకమైతే మూడు నుంచి అయిదింతలకే పడిపోతుంది. రెండోది బైమెటల్ పట్టీ, రెండు లోహాలు అతికించినది, వేడికి ఒకటి ఎక్కువ సాగి ఒకటి తక్కువ సాగి వంగుతుంది, వంగి వంగి లీవరుని తోస్తుంది. ఇది నిదానం. కరెంటు ఎంత ఎక్కువైతే అంత బిన్నా పడుతుంది, రవంత ఎక్కువైతే నిమిషాలు పడుతుంది. కాబట్టి వేసిన వెంటనే పడితే ఫేజూ న్యూట్రలూ ఎక్కడో కలిసినాయని, మూలిగి పడితే మోటారు తిరగలేక కరెంటు మింగుతోందని, పావుగంటకి పడితే లోడు ఎక్కువనో లేకపోతే ఎక్కడో స్క్రూ వదులై అక్కడ కాగుతోందనో అర్థం. ఇంత చెప్పేదాన్ని పట్టుకుని మనం తిడతాం.

చిన్నాయన మోపెడ్ మీద వచ్చేసరికి తొమ్మిదిన్నర. కాఫీ వద్దనేసి నేరుగా స్టార్టరు డబ్బా దగ్గరికి పోయినాడు. డబ్బా మా ఇంటి పడమటి గోడకి, రేకు కింద. మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం దాకా ఎండ దాని మీదే. మెయిన్ దించేసి, మూత తీసినాడు. ఒక మూల బల్లి గుడ్లు రెండు, కాంటాక్టరు పక్కన ఎర్రచీమలు. ఆ చీమలకి స్టార్టరు డబ్బాలంటే ఎందుకంత ఇష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మధ్యలో తెల్ల ప్లాస్టిక్ క్యాపాసిటర్ (ఛార్జి దాచుకుని మోటారు తిరగడానికి సాయం చేసేది), ఒక పక్క ఉబ్బి, టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ లేత గోధుమ రంగుకి తిరిగింది. కాలిన వాసన పెద్దగా లేదు.

చేయి పెట్టే ముందు ఒక బల్బు హోల్డరుకి ఉన్న రెండు వైర్లని దాని రెండు టెర్మినల్స్‌కీ తాకించి ఉంచినాడు. కరెంటు తీసేసినా క్యాపాసిటర్‌లో ఛార్జి నిలవుంటుంది, బల్బులోంచి దించేస్తే నెమ్మదిగా పోతుంది. షాపులో పిల్లోళ్ళు స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి పటాకు పేల్చి ఆడుకునేది నాకు గుర్తుంది, అప్పుడు కూడా చిన్నాయన వీపు పగలగొట్టేవాడు.

"చదువు" అని పీకి నా చేతిలో పెట్టినాడు. 50 మైక్రోఫారడ్లు (ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత), ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం, 440 వోల్టులు. మన కరెంటు 230 కదా, 440 ఎందుకంటే, మోటారు తిరిగేటప్పుడు స్టార్టింగ్ వైండింగుతో సిరీస్‌లో ఉండే ఈ క్యాపాసిటర్ మీద 230 మాత్రమే పడదు, మూడొందలు దాటి పోతుంది. లైన్లో వోల్టేజి ఎక్కువొచ్చిన రాత్రి ఇంకా ఎక్కుతుంది. దాని కింద చిన్న అక్షరం సి, పక్కన పీ0. ఈ రెండూ నేను ఇన్నేళ్ళూ పట్టించుకోనే లేదు. ఎంసీబీ మీది సి వేరు, ఇక్కడ సి అంటే 3000 గంటలు పనిచేస్తుందని లెక్క, బి అయితే 10000, ఎ అయితే 30000. మా మోటారు పొద్దున సాయంత్రం కలిపి రోజుకి మూడు గంటలు, ఏడాదికి వెయ్యి గంటల పైమాట, దీన్ని వేయించి మూడేళ్ళు దాటింది. అంటే అది చెప్పిన మాట ప్రకారమే పోయింది పాపం.

క్యాపాసిటర్ లోపల షార్ట్ అయ్యుంటుందని చిన్నాయన అనుమానం. ఎందుకు అవుతుందని నేనడిగినాను, ఎందుకంటే ఇవి మామూలుగా షార్ట్ కావు. లోపల పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఫిల్ము, దాని మీద నానోమీటర్లలో లెక్కపెట్టేంత పల్చటి లోహపు పూత, అలాంటివి రెండు కలిపి చాప చుట్టినట్టు చుట్టి ఉంటారు. వోల్టేజి ఎగిరి ఫిల్ములో ఎక్కడన్నా చిల్లి పడితే అక్కడ పుట్టే వేడికి చిల్లి చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి ఆ చోటు విడిపోతుంది, తనకి తానే మాన్పుకుంటుందన్నమాట. ప్రతిసారీ రవంత పూత పోతుంది కాబట్టి 50 ఉన్నది 45 అవుతుంది, 38 అవుతుంది. ఫ్యాను నిదానంగా తిరగడం కూడా ఎక్కువసార్లు ఇదే, అందులోది రెండున్నర మైక్రోఫారడ్లది. కానీ ఎండలో డబ్బా కాగి, ఫిల్ము మెత్తబడి, చిల్లులు పక్కపక్కనే పడతా పోతే మాన్పుకునే తీరిక ఉండదు, పొరలు కరిగి అతుక్కుంటాయి, అదే షార్ట్. పీ0 అంటే అట్లా పోయేటప్పుడు ఆపే ఏర్పాటేమీ లేదని. పీ2 అయితే లోపల గ్యాసు పుట్టి డబ్బా పైభాగం ఉబ్బగానే లోపలి లింకు తెగిపోయేలా చేసి ఉంటారు, పోతే ఓపెన్ అయి పోతుంది గానీ షార్ట్ కాదు.

షార్ట్ అయినా ఎంసీబీ వెంటనే ఎందుకు పడలేదంటే మధ్యలో వైండింగు ఉంది. క్యాపాసిటర్ వల్లే స్టార్టింగ్ వైండింగులో కరెంటు రన్నింగ్ వైండింగు కంటే ముందుకి జరిగి, ఆ తేడాతో మోటారు తిరగడం మొదలుపెడుతుంది. క్యాపాసిటర్ ఉత్త వైరు అయిపోతే ఆ తేడా పోయె, మోటారు తిరగదు, రెండు వైండింగులూ కరెంటు లాగుతా మూలుగుతాయి.

ఇక్కడ నేను తెలివి చూపిద్దామని ఇంట్లో ఉన్న సిరీస్ బల్బు తెచ్చినాను. మా నాయన రోజుల్నించీ ఉన్నది, వంద వాట్ల గుండు బల్బు. క్యాపాసిటర్‌ని దాంతో సిరీస్‌లో పెట్టి చూస్తే ఫుల్లుగా వెలిగితే షార్ట్ అని షాపులో అందరూ చెప్పేది. చిన్నాయన నవ్వినాడు. "ఫ్యాను దానికి పనికొస్తాది పాపా, దీనికి రాదు." లెక్క వేసి చూపించినాడు, యాభై మైక్రోఫారడ్లకి మన 50 సైకిల్స్ కరెంటులో అడ్డం అరవై నాలుగు ఓములే, వంద వాట్ల బల్బుకేమో అయిదొందల పైన. బల్బు ముందర అది లెక్కలోకే రాదు, బాగున్నదైనా షార్ట్ అయినదైనా బల్బు ఒకే మాదిరి వెలుగుతుంది. ఫ్యాను రెండున్నరకైతే అడ్డం 1270 ఓముల దాకా ఉంటుంది, అందుకని బాగున్నదైతే బల్బు ఎర్రగా మినుకుతుంది, షార్ట్ అయితే భగ్గుమంటుంది. ఈ బల్బు పరీక్ష చేసి ఎంతమంది చచ్చిన క్యాపాసిటర్లని బాగున్నాయని సర్టిఫికెట్టు ఇచ్చినారో.

మీటరు తీసి ఓమ్స్‌లో పెట్టినాడు. పక్కన ఉన్న స్టార్టింగ్ క్యాపాసిటర్, మోటారు మొదలయ్యేటప్పుడు మాత్రం పనిచేసేది, 120-150ది, దానికి పెడితే అంకెలు చిన్నగా మొదలై పెరిగి పెరిగి ఓఎల్ (మీటరు కొలతకి మించింది) అనింది, అంటే ఛార్జి తీసుకుంటోంది, బాగుంది. మాదానికి పెడితే కీ... అని ఒకటే మోత, ఆపనే ఆపలేదు, అంటే షార్టే. అయినా అక్కడితో వదల్లేదు, బోరులోకి పోయే మూడు వైర్ల మధ్యా, ఒక్కోదానికీ భూమికీ చూసినాడు. పంపులో ఇసుక ఇరుక్కుని జామ్ అయినా, వోల్టేజి మరీ తక్కువున్నా ఇదే మూలుగు ఇదే పడటం, క్యాపాసిటర్ మార్చేసి చేతులు దులుపుకునే మెకానిక్కులంటే ఆయనకి ఒళ్ళు మంట.

మా అత్తకి ఇంకో క్లాసు పడింది. ఆమెకి పచ్చ బటన్ ఎంత సేపు నొక్కి పట్టుకుంటే మోటారు అంత బలంగా తిరుగుతుందని నమ్మకం. స్టార్టింగ్ క్యాపాసిటర్ ఎలక్ట్రోలైటిక్ రకం, ఒకటి రెండు సెకన్లకి చేసినది, నొక్కి పట్టుకుంటే లోపలి ద్రవం కాగి పైన బిళ్ళ ఎగిరిపోతుంది. అత్త అన్నీ విని "నేను పట్టుకుంటేనే కదప్పా నీళ్ళొస్తాండేది" అనింది. ఆయన గమ్మునైపోయినాడు.

స్కూటీ వేసుకుని నేనే తిరుపతిలో లీలామహల్ దగ్గరికి పోయి తెచ్చినాను. షాపులో తిప్పి తిప్పి లేబుళ్ళు చదువుతుంటే ఆ పిల్లోడు వింతగా చూసినాడు, చివరికి అల్యూమినియం డబ్బాది, బి, పీ2 అని రాసున్నది దొరికింది. మామూలుదాని కంటే నూటయాభై ఎక్కువ. తెచ్చి బిగించి, ఎంసీబీ స్క్రూలు కూడా ఒకసారి టైటు చేసి, నొక్కితే ముల్లు ఎగిరి వెంటనే తొమ్మిది మీదికి వచ్చి కూర్చుంది. మేడ మీద పైపులో ముందు గాలి, తర్వాత నీళ్ళు.

భోజనాల దగ్గర (సంగటి, ఊరుబిండి, చిన్నాయన వస్తాడని తెలిసి అత్తే చేసింది) పై పిల్లోళ్ళ సంగతి కూడా కదిలింది. వాళ్ళ పోర్షన్ ఎంసీబీ ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు, అందుకని అది వీక్ అయిపోయిందని వాళ్ళ తీర్పు. ఇది క్యాపాసిటర్ కథ కాదు. చిన్నాయన వాళ్ళని కిందికి పిలిచి ఏమేమి వేస్తారని అడిగినాడు. గీజరు రెండు వేల వాట్లు, ఇండక్షన్ స్టవ్వు రెండు వేలు, ఇస్త్రీపెట్టె వెయ్యి, అన్నీ కాలేజీకి పోయే హడావుడిలో ఒకేసారి. అయిదు వేలని 230తో భాగిస్తే దాదాపు 22 ఆంప్స్, ఎంసీబీ పదహారుది. రూలు ప్రకారం పదహారుది 18 ఆంప్స్ దాకా గంట సేపు పడకూడదు, 23 దాటితే గంట లోపల పడి తీరాలి. 22 సరిగ్గా ఆ మధ్యలో ఉంది, పడినా తప్పు లేదు పడకపోయినా తప్పు లేదు. ఎండ ఎక్కువున్న రోజు బోర్డే కాగి ఉంటుంది కాబట్టి బైమెటల్ ఇంకాస్త ముందే వంగుతుంది. దానికి వీక్‌నెస్ ఏమీ లేదు.

"కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా పడుతుంది సార్" అన్నాడు అందులో ఒకడు. అది వేరే. అప్పుడు కంప్యూటర్ సప్లయిలూ, ఛార్జర్లూ, వాటిలో ఖాళీగా ఉన్న క్యాపాసిటర్లన్నీ ఒకేసారి ఛార్జి అవుతాయి, రెప్పపాటు సేపు ఉత్త షార్ట్‌కి వాటికి తేడా ఉండదు, ఆ ఎగురుడికి కాయిలు లాగేస్తుంది. స్విచ్చులు ఆపి ఒక్కోటీ వేసుకుంటే పడదు.

గీజరుకి వేరే లైను లాగితే సరిపోతుందన్నాడు, ఆదివారం వస్తానన్నాడు. స్టార్టరు డబ్బాని కూడా ఆ రోజే పడమటి గోడ నుంచి తీసి మెట్ల కింద నీడలోకి మార్చేది. గోడలో పైపు ఇంకో వైరు పట్టేంత ఉందో లేదో చూడాలి, లేకపోతే బయట కేసింగే. ఖర్చు సగం పిల్లోళ్ళు పెట్టుకోవాలని మా ఆయన ఫోన్లో అంటున్నాడు, నేను ఇంకా వాళ్ళకి చెప్పలేదు.