హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా కింది ఫ్లాట్‌కి వినిపించింది

మా ఇంట్లో డిజిటల్ పియానో ఉంది. 88 మీటలు, అసలు పియానోలాగే బరువుగా దిగుతాయి. అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం కాబట్టే దాన్ని తీసుకున్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏ వేళలోనైనా వాయించుకోవచ్చని. పనులన్నీ అయ్యాక రాత్రి కాసేపు వాయించుకోకపోతే నాకు ఆ రోజు పూర్తయినట్టే ఉండదు.

కొన్నాళ్లకి కింది ఫ్లాట్ ఆంటీ లిఫ్ట్ దగ్గర కనిపించి, "ఏమ్మా, రాత్రుళ్లు మీ ఇంట్లో ఏమైనా కొడుతున్నారా?" అని అడిగారు. కోపంగా ఏమీ అడగలేదు, ఆ చప్పుడేంటో ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. ఏ టైములో వినిపిస్తోందని అడిగితే, సరిగ్గా నేను వాయించే టైమే చెప్పారు.

మర్నాడు ఆవిడ దగ్గర అనుమతి తీసుకుని వాళ్ల బెడ్‌రూమ్‌లో కూర్చున్నాను. పైన మా తమ్ముడు వాయించాడు. సంగీతం ఒక్క స్వరం కూడా వినపడలేదు. గోడ లోపల ఎవరో వేళ్లతో తడుతున్నట్టు టకటకమని చప్పుడు, మధ్యమధ్యలో ఒక మొద్దు దెబ్బ. పాటైతే కనీసం పాట అని తెలుస్తుంది. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియని ఈ చప్పుడు వింటూ ఎవరికైనా నిద్ర ఎలా పడుతుంది? నాకే చాలా బాధేసింది.

శబ్దం పక్కింటికి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి గాలి. హెడ్‌ఫోన్స్ ఆ దారిని మూసేస్తాయి. రెండోది కట్టడం. మీట నొక్కినప్పుడల్లా లోపల సుత్తిలాంటి బరువు కదులుతుంది, మీట అడుగుకి వెళ్లి తగులుతుంది. ఆ దెబ్బ స్టాండ్ కాళ్ల గుండా స్లాబ్‌లోకి దిగుతుంది. మన నేలే వాళ్లకి సీలింగ్ కాబట్టి అంత వెడల్పు స్లాబూ అదిరి ఆ చప్పుడును వాళ్ల గదిలోకి పంపిస్తుంది. వాల్యూమ్ సున్నా చేసినా దీంట్లో తేడా ఏమీ ఉండదు.

ఫోన్‌లో తమ్ముడికి ఒక్కొక్కటే చెప్పి చేయించాను. పెడల్ ఒక్కటే తొక్కు, ఇప్పుడు కుడిచేయి, ఇప్పుడు ఎడమచేయి. ఆ మొద్దు దెబ్బ పెడల్‌ది. మీటల్లో ఎడమవైపువే ఎక్కువ వినిపించాయి. చాలా మోడళ్లలో మంద్ర స్వరాల మీటలు ఇంకాస్త బరువుగా ఉంటాయి మరి. స్టూలు జరిపినా పెద్దగా తెలియలేదు. ఈ పరీక్ష చేయకపోయుంటే ఏం కొనాలో నాకు తెలిసేది కాదు.

ముందు స్టాండ్ కింద కార్పెట్ వేశాం. దాంతో టకటక కొంచెం తగ్గింది కానీ పెడల్ దెబ్బ అలాగే ఉంది. డ్రమ్స్ వాయించేవాళ్లు రెండు చెక్కల మధ్య టెన్నిస్ బంతులు అమర్చి వేదికలా చేసుకుంటారు. ఆ పద్ధతే పట్టుకుని మందపాటి ప్లైవుడ్ రెండు పొరలు కలిపి బిగించి, కింద మెత్తటి రబ్బరు దిమ్మలు పెట్టించాను. పైన బరువు ఉండాలి, కింద స్ప్రింగులా పనిచేసే పొర ఉండాలి. ఆ బరువుకి రబ్బరు కొద్దిగా నొక్కుకోవాలి. అసలు నొక్కుకోని గట్టి రబ్బరు పెట్టినా, పూర్తిగా అణిగిపోయే స్పాంజి పెట్టినా దండగే. స్టాండ్, పెడల్ రెండూ ఆ చెక్క మీదే ఉండాలి, చెక్క అంచు గోడకి తగలకూడదు. స్టాండ్ ఊగకుండా చెక్కని వెడల్పుగా తీసుకోవడం కూడా అవసరమే.

మళ్లీ కిందికి వెళ్లి విన్నాను. పెడల్ దెబ్బ దాదాపు పోయింది. ఫ్యాన్ ఆపి చెవి రిక్కిస్తే మీటల చప్పుడు లీలగా వినిపించింది. ఆంటీ మాత్రం "ఇదేం చప్పుడమ్మా, హాయిగా వాయించుకో" అన్నారు. అయినా ఆవిడ ఎన్నింటికి పడుకుంటారో అడిగి తెలుసుకున్నాను. ఆ టైము దాటాక పెడల్ వాడను.

గోడలకి ఫోమ్ అంటించమని చాలామంది సలహా ఇచ్చారు. ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, రికార్డింగ్‌కి బాగుంటుంది. గోడ దాటే శబ్దాన్ని మాత్రం ఆపలేదు. దాన్ని ఆపాలంటే బరువు కావాలి. గోడ బరువు రెట్టింపు చేస్తే తగ్గేది సుమారు 6 డెసిబెల్స్. మన చెవికి సగం అయినట్టు అనిపించాలంటే 10 దాకా తగ్గాలి. ఇక కర్టెన్లు, గుడ్ల అట్టలు ఏం ఆపుతాయి? ఆ డబ్బుతో తలుపు కింద సందు మూయించుకోవడం మేలు. గాలిలో వెళ్లే శబ్దానికి అదే పెద్ద దారి.

ఆ సందు మూయించింది మా అమ్మాయి వయొలిన్ కోసం. మామూలు వయొలిన్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టే వీలు లేదు. తీగలు ఆనుకునే బ్రిడ్జి మీద తొడిగే ప్రాక్టీస్ మ్యూట్ ఉంటుంది. అది బ్రిడ్జికి బరువు పెంచి, దాని అదురు కిందున్న పెట్టెలోకి ఎక్కువగా దిగకుండా చేస్తుంది. లోహంతో చేసినది ఇంకా బాగా తగ్గిస్తుంది కానీ, జారి పడితే వాయిద్యం మీద గీతలు పడతాయి. అందుకే రబ్బరుది తీసుకున్నాం. మ్యూట్‌తో నాదం పీలగా వస్తుంది, కమాను సరిగ్గా పడుతోందో లేదో పిల్లకి తెలియదు. ఎప్పుడూ దాంతోనే సాధన చేస్తే చేతికి తప్పు అలవాటు పట్టుకుంటుందని నా భయం. అందుకని వేళ్ల సాధన, స్వరాలు మ్యూట్‌తో చేస్తుంది. సాయంత్రం అరగంట మాత్రం మ్యూట్ తీసేసి నిండుగా వాయిస్తుంది. ఆ అరగంట ఎప్పుడన్నది పక్కవాళ్లనీ కిందివాళ్లనీ అడిగే పెట్టుకున్నాం. వాళ్ల పిల్లలకి పరీక్షలు ఉన్నప్పుడు ఆ అరగంట కూడా మ్యూట్‌తోనే.